తలకిందులైన ఊరి బోర్డు



చానా దినాలకు పెద్ద పోస్టు రాస్తున్నా. తోటకు నీళ్లు వదిలి గట్టు మీద కూర్చున్నప్పుడు నిదానంగా చదవండి.

నేను, మా ఇంటామె ఫ్రాన్సు పోయొచ్చిన సంగతి మీలో చానా మందికి తెలుసు. "ఈఫిల్ టవర్ ఫోటో ఒక్కటన్నా పెట్టలేదేంది?" అని అడుగుతున్నారు. ఎట్లా పెట్టేది? పారిస్‌లో నేను చూసింది విమానాలు దిగే చోటు ఒక్కటే. మేము తిరిగింది పల్లెటూర్లు.

మావాడు టూలూజ్‌లో ఉంటాడు. ఎయిర్‌బస్ విమానాలు బిగించే ఊరు అది. ఆ పనికి సంబంధించిన ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. 2024 మే నెలలో మేము ఇక్కడ ఓట్లు వేసి, మరుసటి వారం బెంగళూరులో విమానం ఎక్కినాం. పోయిన రెండో దినమే వాడు, "నాయనా, నాలుగు దినాలు సెలవు పెట్టినా. టౌన్లు నీకు నచ్చవు గానీ పాతకాలం పల్లెలు చూపిస్తా పద" అన్నాడు.

నాకు అరవై ఒకటి. పెళ్లికి కాకుండా, చావుకు కాకుండా, మొక్కుకు కాకుండా, ఆసుపత్రికి కాకుండా ఊరు దాటి పోవడం ఇదే మొదటిసారి. మా నాయన ఆ మాత్రం కూడా పోలేదు. ఊరకే చూసి రావడానికి పోవడం అనేది మన లెక్కలో లేని పని. మొదటి దినమంతా నాకు ఏదో పని ఎగ్గొట్టి వచ్చినట్టే ఉండింది.

ఇంకొక సంగతి ముందే చెప్పాల. అది చెప్పకుంటే ఈ పోస్టుకు అర్థం ఉండదు.

మాకు పదకొండు ఎకరాలు. నాలుగెకరాల చీనీ తోట నేను చూసుకుంటా. ఏడెకరాల మెట్ట చేను ఎనిమిదేండ్లుగా మా ఊరి తమ్ముడొకనికి గుత్తకు ఇచ్చినా. శెనక్కాయ, కంది వేస్తాడు. కష్టపడే మనిషి. మేము లేని నెల రోజులు తోటకు నీళ్లు పెట్టింది, గొర్రెలు మేపింది కూడా అతనే. బయల్దేరే ముందు దినం ఇంటికొచ్చినాడు. కౌలు కార్డు కాగితం చేతిలో ఉండాది. 11 నెలల కార్డు మనందరికీ తెలుసు కదా. దానికి పొలం గలోని సంతకం కావాల. "అన్నా, ఈ తూరన్నా పెట్టన్నా" అన్నాడు. "పోయొచ్చినాక చూద్దాంలే" అన్నా. ఏండ్లుగా అదే మాట అంటున్నా. దసరా పోనీ అని ఒకసారి, సంక్రాంతి పోనీ అని ఒకసారి.

ఎందుకు పెట్టలేదో మీకు చెప్పాల్సిన పని లేదు. మీలో చానా మంది కూడా పెట్టి ఉండరు. రేపు భూమి నాదే అంటాడేమోనని భయం. ఒక కరువేడు పంట పోయినప్పుడు సర్కారు డబ్బులు నా అకౌంట్లో పడినాయి. ఎండలో మాడింది అతని పంట. నేను అందులో సగం అతని చేతిలో పెట్టి, చానా ధర్మం చేసినట్టు నాలుగు దినాలు గర్వంగా తిరిగినా. ఇది ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తున్నా.

ఇంక ఊర్ల సంగతికి వస్తా.

టూలూజ్ నుంచి కారులో ఈశాన్యానికి పోతే టార్న్ అనే జిల్లా. ఎత్తుపల్లాల చేలు, గోధుమ, పొద్దుతిరుగుడు, ద్రాక్ష. ఒక ఊరి మొదట్లో బోర్డు చూసి "రేయ్, ఊరి పేరు తలకిందులు రాసినారు చూడు" అన్నా. ఎవడో తాగి బిగించినాడేమో అనుకున్నా. మావాడు కారు పక్కన ఆపి చెప్పినాడు. 2023 నవంబరులో ఈ టార్న్ జిల్లా రైతులే మొదలుపెట్టినారంట. రాత్రిపూట పోయి ఊరి బోర్డు మరలు విప్పి, తలకిందులు చేసి మళ్లీ బిగించేది. బోర్డు పగలగొట్టేది లేదు, రంగు పూసేది లేదు. "లోకం తలకిందులుగా నడుస్తాండాది" అని చెప్పడానికి. అది దేశమంతా పాకింది. 2024 జనవరిలో టూలూజ్‌కు దక్షిణంగా కార్బన్ దగ్గర రైతులు ట్రాక్టర్లు, గడ్డి మోపులు పెట్టి పెద్ద రోడ్డే మూసేసినారు.

వాళ్ల బాధలేమిటని అడిగితే, డీజిల్ మీద పన్ను, గిట్టుబాటు కాని ధర, బయటి దేశాల నుంచి చౌకగా దిగే సరుకు, సాయం డబ్బులు ఆలస్యం, చేలో కంటే బల్ల దగ్గర కాగితాల మీద ఎక్కువ పొద్దు. నేను నవ్వినా. ఏడు వేల కిలోమీటర్లకు పైనే వచ్చింది మా ఊరి రచ్చకట్ట మాటలు వినడానికా అని. 1970లో ఆ దేశంలో దగ్గర దగ్గర 16 లక్షల సేద్యపు కమతాలు ఉండినాయి. 2020 లెక్కల్లో 3 లక్షల 90 వేలు. మిగిలిన బోర్డులు ఎందుకు తిరగబడవు?

దారిలో చేల మధ్య రాతి గోపురాల మాదిరి చిన్న చిన్న కట్టడాలు కనిపించినాయి. కాళ్ల మీద నిలబెట్టినవి కొన్ని, గుండ్రంగా ఉండేవి కొన్ని. గుళ్లు అనుకున్నా. పావురాల గూళ్లంట. పాతకాలంలో పావురాలను కూరకు పెంచినా, అసలు విలువ వాటి రెట్టకు. మనం గొర్రెల మంద చేలో నిలబెట్టించుకుంటామే, అట్లా వాళ్లకు పావురాల రెట్ట. ఎరువు కోసం ఇంత అందమైన మేడ కట్టినారంటే, ఆ రోజుల్లో ఎరువుకు ఉన్న మర్యాద అర్థం చేసుకోండి. ఇప్పుడు చానా వాటిల్లో పావురాలు లేవు. పెంకులు మటుకు కొత్తగా మెరుస్తాండాయి.

మొదటి ఊరు కోర్ద్. గుట్ట మీద ఉంటాది. 1222లో టూలూజ్ దొర కట్టించిన ఊరు. తెల్లవారి మంచు పడితే కింది లోయ అంతా తెల్లగా కమ్మి, ఊరొక్కటి మబ్బుల పైన తేలినట్టు కనిపిస్తాదని, 1993లో ఊరి పేరుకు "ఆకాశం మీద" అనే మాట చేర్చినారు. రాళ్లు పరిచిన నిట్టనిలువు వీధి. మా ఇంటామె మోకాళ్లు పట్టుకుని నాలుగుసార్లు కూర్చుంది. పైన వర్తకుల పాత మేడలు. కిటికీల పైన రాతిలో చెక్కిన వేటగాళ్లు, కుక్కలు, అడవి పందులు. తోలు, గుడ్డ, నీలిరంగు ఆకు వ్యాపారంలో సంపాదించిన డబ్బంతా గోడల్లో పెట్టినారు.

చూడటానికి బాగుంది. బాగలేదని ఎవరనగలరు? అయితే మా ఇంటామె ఒక మాట అనింది. "ఏందబ్బా, ఇంత పెద్ద ఊర్లో యాడా పేడ కంపే లేదే." నిజమే. బొమ్మల అంగళ్లు, పటాల అంగళ్లు, కాఫీ అంగళ్లు. ఒక కోడి కూడా అడ్డం రాలేదు.

రెండో దినం కాంక్. ఇది అవేరాన్ జిల్లాలో, అడవి లోయలో దాక్కున్న ఊరు. దీని కథ వింటే మీరు నవ్వుతారు. 866 ప్రాంతంలో ఇక్కడి మఠానికి పేరూ లేదు, జనమూ లేదు. ఆజెన్ అనే దూరపు ఊర్లో ఫోయ్ అనే చిన్న వయసు పుణ్యవతి అవశేషాలు ఉండినాయి. కాంక్ సన్యాసి ఒకాయన ఆ ఊరికి పోయి, ఏండ్ల తరబడి నమ్మకంగా ఉండి, ఒక దినం ఆ అవశేషాలు దొంగతనంగా తెచ్చేసినాడు! మన దగ్గర పక్కూరోళ్లు ఉత్సవ విగ్రహం ఎత్తుకపోతే ఊరుకుంటామా? అక్కడ మటుకు అదే ఊరికి బతుకైంది. స్పెయిన్‌లోని సాంతియాగో దాకా నడిచిపోయే యాత్రికులు ఈ దారి పట్టినారు. ఇప్పటికీ వీపున మూట, చేతిలో కట్టెతో నడుస్తానే ఉన్నారు. మన తిరుమల మెట్లెక్కే వాళ్ల మాదిరి, కాళ్లకు బొబ్బలతో.

గుడి ముఖద్వారం పైన తీర్పు దినం బొమ్మలు చెక్కినారు. నూరుకు పైనే మనుషులు. ఒక పక్క స్వర్గం, ఒక పక్క నరకం. నరకం పక్క పిసినారి మెడకు డబ్బు సంచి కట్టి ఉరి వేసినారు. నేను దాని కింద కొంచేపు ఎక్కువగానే నిలబడినా.

నాకు కాంక్‌లో బాగా నచ్చింది కప్పులు. మన తాడిపత్రి, బేతంచెర్ల పక్క ఇండ్లకు నాపబండలు పరుస్తామే, వీళ్లు కూడా రాతి పలకలే వాడినారు. అయితే మన మాదిరి సమంగా పరవడం కాదు. ఏటవాలు కప్పు మీద చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చి మేకులతో దిగ్గొట్టినారు. ఆ బరువు మోయడానికి కింద మాను దూలాలు. మా జేజినాయన కట్టిన బండల మిద్దె గుర్తొచ్చింది. దాని ఒక మూల కురుస్తాంటే ఏండ్లుగా ప్లాస్టిక్ పట్ట కప్పి ఊరుకున్నా.

ఆ రాత్రి ఆ ఊర్లోనే ఉన్నాం. పొద్దు మునిగినాక బస్సులెక్కి చూడొచ్చినోళ్లంతా పోయినారు. అంతా సద్దుమణిగింది. మా ఇంటామె కిటికీ దగ్గర నిలబడి ఏదో లెక్కపెడుతోంది. "ఏంది?" అంటే, "ఇన్ని ఇండ్లుండాయి, దీపాలు పదకొండే" అనింది. మిగిలిన తలుపులన్నీ మూసిన తలుపులే. టౌనోళ్లు కొనుక్కుని ఎండాకాలంలో నాలుగు వారాలు వచ్చిపోయే ఇండ్లు చానా ఉంటాయంట ఇట్లాంటి ఊర్లల్లో. 2000 మందికి లోపల జనముండే అందమైన పల్లెలు కలిసి 1982లో ఒక సంఘం పెట్టుకున్నాయి. కాంక్ కూడా అందులో ఉంది. ఆ బోర్డు పడితే చూసేవాళ్లు వస్తారు, రాళ్లు నిలుస్తాయి. అది చిన్న మేలేం కాదు. కానీ రాళ్లు నిలిచినంత మాత్రాన ఊరు నిలిచినట్టేనా అని ఆ పదకొండు దీపాలు చూస్తే అనిపించింది.

ప్రతి ఊర్లోనూ ఒక రాతి స్తంభం ఉంటాది. 1914 నుంచి 1918 దాకా జరిగిన యుద్ధంలో చచ్చిపోయిన ఆ ఊరి పిల్లల పేర్లు. ముప్పై గడపల పల్లెలో కూడా పది, పదిహేను పేర్లు. ఒకే ఇంటిపేరు మూడు వరుసల్లో ఉంటే మా ఇంటామె వేలు పెట్టి చూపించేది. చదవడం రాకపోయినా, అక్షరాలు ఒకటే మాదిరి ఉన్నాయని కనిపెట్టింది. ముగ్గురు అన్నదమ్ములు పోయిన ఇంట్లో ఆ తర్వాత మడక పట్టిందెవరో? ఊర్లు ఖాళీ కావడం ఆ యుద్ధంతో ఇంకా ఎక్కువైందని మావాడు చెప్పినాడు.

తిండి మాట కూడా చెప్తా. అవేరాన్‌లో అలిగో అని ఒకటి. ఉడికించిన ఉర్లగడ్డలు మెదిపి, అందులో పచ్చి చీజు వేసి, పెద్ద కట్టె తెడ్డుతో గిన్నెలో గెలుకుతానే ఉంటారు. మన సంగటి కెలికినట్టే! తెడ్డు పైకెత్తితే మూరెడు తీగ సాగుతాది. మా ఇంటామె సంచిలోంచి శెనక్కాయ పొడి తీసి దాని మీద చల్లుకుని తినింది. హోటలామె వాసన చూసి తనకూ ఇంత పెట్టమనింది. పెట్టినాం.

మూడో దినం రోదేజ్ మీదుగా మియో పోయి, అక్కడ టార్న్ లోయ మీద వంతెన దాటినాం. 2004లో తెరిచినారు. రెండున్నర కిలోమీటర్ల పొడుగు, ఎత్తైన స్తంభం కొన దాకా 343 మీటర్లు. కింద మబ్బు, పైన కారు. అది దాటితే లార్జాక్ పీఠభూమి.

అన్నా, కారు దిగి నిలబడితే నాకు అనంతపురం బయట నిలబడినట్టే ఉండింది. చలి తీసేస్తే అదే గాలి, అదే బోడి నేల, అవే రాళ్లు. చేలోంచి ఏరిన రాళ్లు గట్ల మీద కుప్పలు కుప్పలు. సున్నపురాతి నేల, పడిన వాన పడినట్టే లోపలికి ఇంకిపోతాది, పైన ఏరు లేదు, వంక లేదు. యాడో పల్లంలో మటుకు రవ్వంత ఎర్రమట్టి నిలిచిన చోట పైరు పెడతారు. మిగిలిందంతా గొర్రెల మేత.

అక్కడ లా కువెర్త్వారాద్ అని ఒక ఊరు. యుద్ధాలు చేసే సన్యాసులు 12వ శతాబ్దంలో కోట కట్టినారు, తర్వాత వచ్చినవాళ్లు 15వ శతాబ్దంలో చుట్టూ గోడ పెట్టినారు. ఇండ్లల్లో కింద గొర్రెలు, పైన మనుషులు, బయటి నుంచి రాతి మెట్లు. కప్పు మీద పడిన వాన చుక్క కూడా పోకుండా ఇంటి తొట్టిలోకే దిగుతాది. ఊరి బయట గొర్రెలకు ఒక కుంట. దాన్ని లవోన్య అంటారు. మన కుంట మాదిరి కాదు. వెడల్పాటి పళ్లెం ఆకారంలో నేల తవ్వి, బంకమన్ను మెత్తి, పైన రాళ్లు పరిచినారు. అన్ని పక్కలా వాలుగా ఉండటంతో మంద ఎటు నుంచి వచ్చినా గిట్టలు బురదలో దిగకుండా తాగిపోవచ్చు. నీళ్లు మురికి కావు, గిట్టల జబ్బు రాదు. నేను గంటసేపు అక్కడే కూర్చున్నా. కోట చూద్దాం రమ్మని మావాడు పిలిచినా పోలేదు.

తలుపుల మీద ఎండిన పెద్ద ముండ్ల పువ్వు ఒకటి కొట్టి ఉంటాది. కార్దబెల్ అంటారు. గాలిలో తేమ పెరిగితే అది మూసుకుంటాది, ఎండ కాస్తే విచ్చుకుంటాది. వాన వస్తాదో రాదో దాన్ని చూసి చెప్పేవాళ్లంట. మనం గడపకు కలబంద కడతాం. వాళ్లు వాతావరణ శాఖనే కట్టుకున్నారు.

ఆ రాత్రి మేము దిగింది ఒక గొర్రెల పెంపకందారు ఇంట్లో. వచ్చేపోయేవాళ్లకు రెండు గదులు అద్దెకిస్తారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. మూడు వందల యాభై లకోన్ గొర్రెలు. పాల గొర్రెలు అన్నా! వరసగా ఎక్కి నిలబడితే మిషనుతో పిండుతారు. ఆ పాలు రోక్‌ఫోర్ అనే చీజుకు పోతాయి. దగ్గర్లోనే ఆ ఊరుంది, కొండ చీలికల్లోంచి వచ్చే చల్లగాలి తగిలే గుహల్లో మాగబెడతారు. ఆ పేరు ఇంకెవరూ వాడుకోకుండా 1925లోనే చట్టం తెచ్చుకున్నారు. దొడ్డిలోకి అడుగు పెట్టగానే గొర్రెల వాసన గుప్పుమంది. మా ఇంటామె మొహం వెలిగిపోయింది. "ఇదబ్బా ఊరంటే" అనింది.

ఆ పీఠభూమి కథ ఆమె చెప్తాంటే మావాడు తెలుగులో చెప్పినాడు. 1971లో సర్కారు అక్కడి మిలిటరీ క్యాంపును 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామనింది. అంటే ఇంకో 34 వేల ఎకరాలు తీసుకుంటారు. "అక్కడేముంది, నాలుగు గొర్రెలు, రాళ్లు తప్ప" అనే మాట. ఈ మాట మనకు కొత్తా? 1972 మార్చిలో 103 మంది రైతులు భూమి అమ్మబోమని సంతకం చేసి ఒట్టు వేసుకున్నారు. ఆ ఏడే అరవై గొర్రెలను పారిస్ తోలుకపోయి ఈఫిల్ టవర్ కింద మేపినారు. ట్రాక్టర్లతో పారిస్ బయల్దేరినారు. 1978లో నడిచే పోయినారు. అనుమతి లేకుండానే పెద్ద రాతి గొర్రెల దొడ్డి ఒకటి కట్టినారు. పదేండ్లు. ఒక్క మనిషి ప్రాణం తీయలేదు. 1981లో మితెరాఁ అధ్యక్షుడైనాక ఆ ఆలోచన మానుకున్నారు.

ఇందులో మన సంబంధం ఒకటుంది. ఆ రైతులకు ఈ దారి చూపించిన వాళ్లల్లో లాంజా దెల్ వాస్తో అని ఒక పెద్దాయన. 1937లో వార్ధా పోయి గాంధీ గారి దగ్గర ఉన్నాడు. శాంతిదాస్ అని పేరు పెట్టింది గాంధీ గారే. 1972లో లార్జాక్ మీది లా కవల్రీ అనే ఊర్లో ఈయన పదిహేను దినాలు ఉపవాసం కూర్చున్నాడు. మన దేశం నుంచి పోయిన విత్తనం ఆ రాళ్లల్లో మొలిచింది.

అసలు సంగతి దీని తర్వాత ఉంది. గెలిచినాక, సర్కారు అప్పటికే కొనేసిన భూమి ఏం చేయాల? తలా ఇంత పంచుకోలేదు. 1985లో రైతులే ఒక సంఘం పెట్టుకుని 6,300 హెక్టార్లు, అంటే పదిహేను వేల ఎకరాల పైన, సర్కారు నుంచి దీర్ఘకాలం గుత్తకు తీసుకున్నారు. ఆ గడువు ఇప్పుడు 2083 దాకా ఉంది. ఆ సంఘం, సేద్యం చేసేవాళ్లకే భూమి ఇస్తాది. రిటైరయ్యే దాకా వాళ్లను ఎవరూ కదిలించరు. రిటైరైన దినం భూమి, ఇల్లు వదిలి పోవాల. వాళ్లు చేసిన బాగుచేతకు లెక్క కట్టి డబ్బు ఇస్తారు. తర్వాత ఎవరు చేయాలో సంఘం చూస్తాది. కొడుకే కావాలని లేదు.

ఈమె రైతు బిడ్డ కాదు. వాళ్ల నాయన టౌనులో అయ్యవారు. ఇరవై ఏడేండ్లప్పుడు ఇక్కడికి వచ్చింది. "ఇంత చేసి, ఇల్లు కూడా వదిలి పోవాల్నంటే బాధ లేదా?" అని అడిగించినా. ఉంటాదనింది. ఆ లెక్క మీద తమలో తమకు తగాదాలు కూడా ఉన్నాయనింది. కానీ "నేను రాకముందు ఇంకొకరు వదిలినారు గాబట్టే నాకు దొరికింది" అనింది.

తర్వాత నన్ను అడిగింది. మీకెంత భూమి, ఏమేస్తారు, మీ తర్వాత ఎవరు చేస్తారు అని.

మావాడు తర్జుమా చేస్తున్నాడు కదా, ఆఖరి ప్రశ్న వాడే వాడి నోటితో అడగాల్సి వచ్చింది. అడిగి తల దించుకున్నాడు. నేను, "వీడు రాడమ్మా. వీడి బతుకు ఇక్కడే" అన్నా. కోపంగా అనలేదు. మొదటిసారి పైకి అన్నా, అంతే.

"మరి ఇప్పుడు దున్నేదెవరు?" అనింది. చెప్పినా. "ఆయనకు ఎన్నేండ్లకు రాసిచ్చినారు?" అనింది. ఫ్రాన్సులో మామూలు గుత్త కూడా 9 ఏండ్లకు తక్కువ ఉండకూడదంట. 1946 నుంచే చట్టం. అందుకని ఆమె మామూలుగానే అడిగింది. నేను, "రాసియ్యలేదు. నోటిమాట. ఏడాదికేడాది" అన్నా. మావాడు దాన్ని ఫ్రెంచిలోకి చెప్పకుండా కొంచేపు నా వైపే చూసినాడు. "నాయనా, మామ నీతో ఎనిమిదేండ్ల నుంచి ఉన్నాడు కదా" అన్నాడు. మావాడు ఆ తమ్ముణ్ణి మామ అని పిలుస్తాడు, చిన్నప్పుడు ఈత నేర్పింది అతనే.

ఆమె ఏమీ అనలేదు. అన్నీ తెలిసినామె గనుక ఇంకొక ప్రశ్న అడిగింది. "ఏడాదికేడాది అయితే నేలకు ఎరువెవరు వేస్తారు?"

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. మెట్ట చేనుకు చెరువు మట్టి తోలి ఎనిమిదేండ్లయింది. "వీడికి నేల మీద ప్రేమ లేదు, పీల్చుకుంటాండాడు" అని నేను మీలో కొందరితో అన్నా కూడా. వచ్చే ఏడు తన చేతిలో ఉంటాదో లేదో తెలియని చేనుకు ఎవడు ట్రాక్టరు బాడిగ ఇచ్చి మట్టి తోలుతాడు? నేనైనా తోలుతానా?

అందమైన ఊర్లు రెండు చూసినా, దీపాలు లేవు. రాళ్లు తప్ప ఏమీ లేని చోట ఒకటి చూసినా, అక్కడ తెల్లారి నాలుగున్నరకే పాల మిషను చప్పుడు. తేడా నాకు తెలిసినంతలో ఇదే. ఒక చోట ఊరు గలోళ్ల పేరు మీద మిగిలింది. ఇంకొక చోట చేసేవాళ్ల చేతిలో మిగిలింది.

జూన్‌లో ఊరికి వచ్చినాం. మొదటి పదును పడిన దినం ఆ తమ్ముణ్ణి పిలిచి సచివాలయానికి తీసుకపోయినా. సంతకం పెట్టినా. అది 11 నెలలదే గనుక, ఇంటికొచ్చి తెల్లకాగితం మీద ఐదేండ్లకు వేరుగా రాసిచ్చినా. గుత్త పెంచేది లేదు, మధ్యలో మాన్పించేది లేదు, పంట నష్టం డబ్బు ఎవరి అకౌంట్లో పడినా అతనిదే. అతను కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "నీళ్లు తాగుతావా అన్నా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

అంతా సుఖంగా అయిపోయిందని చెప్పను. బ్యాంకు అప్పు అతనికి రాలేదు, ఆ సర్వే నంబరు మీద నా అప్పు ముందే ఉంది. అది కట్టేసే పనిలో ఉన్నా. మా పాలోడు ఒకాయన, "నువ్వు ఫ్రాన్సు పోయొచ్చి మా కొంపలు తీస్తాండావే, రేపు మావోళ్లు కూడా అడుగుతారు" అని మూడు నెలలు మాట్లాడలేదు. ఆయన భయం ఉత్తదని నేను అనను. నాకూ ఎనిమిదేండ్లు అదే భయం. చట్టం బాగా చదివించుకుంటే, కౌలు కార్డుతో భూమి హక్కు మారదని అందులోనే ఉంది. చదివించుకునే ఓపిక లేక భయపడినాం.

మా జేజినాయన మిద్దె మూల మాత్రం బాగు చేయించినా. నాపబండలు రెండు మార్పించి, సున్నం గచ్చు వేయించినా. మావాడు వచ్చినప్పుడు ఉంటాడు. రాకపోయినా అందులో ఎవరో ఒకరు దీపం పెట్టాల.

ఈ ఏడు ఎండాకాలంలో చెరువు ఎండినాక ఒక దినం మెట్ట చేను దిక్కు పోయినా. నల్లటి మట్టి కుప్పలు, వరసగా. లెక్కపెట్టినా, నలభై ట్రాక్టర్లు. నేను తోలించమని చెప్పలేదు.

మీ ఊర్లో గుత్తకు చేసేవాళ్లకు ఎన్నేండ్లకు ఇస్తున్నారు? సంతకం పెట్టినవాళ్లు ఉంటే, ఏమైనా ఇబ్బంది వచ్చిందా రాయండి. పెట్టనివాళ్లు ఉంటే కూడా రాయండి. తిట్టను. మొన్నటి దాకా నేనూ మీ పక్కనే కూర్చున్నోణ్ణి.